రాజమణి సాకిన పచ్చయ్య

మహబూబాబాద్ స్టేషను దిగి బజారులోకి నడిస్తే, బెల్లం వాసనా ఎండుమిర్చి ఘాటూ కలిసి ముక్కుకు తగిలే చోట సత్యం సేటు హోల్‌సేల్ దుకాణం ఉంటుంది. ముందు దుకాణం, వెనక గోదాం, మీద ఇల్లు, ఆ మీద డాబా. ఆ ఇంటి ఇల్లాలు రాజమణి. ఆమె పుట్టింది జనగామలో, అదీ ఒక కిరాణా దుకాణం వెనక గదిలోనే. పెళ్లయి ఇక్కడికి వచ్చింది, ఇద్దరు కొడుకులను పెంచి వాళ్లకూ ఇదే బజారులో దుకాణాలు పెట్టించింది. బతుకంతా బస్తాల నడుమనే గడిచింది. ఊళ్లు తిరగలేదు, ఎవరితోనూ కొట్లాడలేదు.

ఆమెకు భయాలు మాత్రం జాస్తి. రైలు పట్టాలు దాటాలంటే భయం. దుకాణానికి కొత్త ముఖం వస్తే భయం. అన్నిటికన్నా ఎక్కువ భయం బల్లి. గోడమీద బల్లి కనబడితే అది పోయేదాకా ఆ గదిలో పొయ్యి వెలిగించేది కాదు. మీద పడిందంటే తలస్నానం చేసి, పంచాంగం తీసి, ఏ భుజాన పడితే ఏ ఫలమో చూసుకుని, ఆ పూటంతా గొంతు పెంచకుండా తిరిగేది. పచ్చయ్య బతుకు సరిగ్గా అట్లాంటి మనిషి చేతిలో పడింది.

ఉగాది పోయి ఎండలు ముదురుతున్నప్పుడు ఆమె మేనల్లుడు ఉమేష్ జనగామ నుంచి పాసింజరులో వచ్చాడు. అక్కడ అతనికి బట్టల దుకాణం ఉంది. చేతిలో పెద్ద వెదురు గంప, దానిమీద తువ్వాల కప్పి తాడుతో కట్టి ఉంది. మామిడికాయలు కాబోలనుకుని రాజమణి తాడు విప్పింది. గంపలోంచి ఒక పచ్చని తల లేచింది. మెడకింద ఆవుకున్నట్టు గంగడోలు, వీపు పొడుగునా దువ్వెన పళ్లలాంటి ముళ్లు, ఒంటికన్నా పొడుగైన తోక. ఆమె కేక కూడా పెట్టలేదు. ఎట్లా ఎక్కిందో, బియ్యం డ్రమ్ము మీద ఉంది.

"దేవుడా! ఉడుమును పట్టుకొచ్చినవారా?"

"ఉడుము కాదత్తా, ఇగువానా. వేరే దేశంది. కొన్నప్పుడు అరచేయంత ఉండె."

"గిప్పుడు మొసలంత ఉన్నది కదరా!"

"మా ఆమెకు నెలలు నిండుతున్నయి. గిది ఇంట్లుంటే పుట్టింటికి పోత అంటున్నది. జర నీ దగ్గర ఉంచుకో అత్తా. మాంసం ముట్టది, గుడ్డు ముట్టది. ఉత్త ఆకులే. మనోళ్ల కంటె నిష్ఠ గల్లది."

సత్యం కళ్లద్దాల మీదుగా చూశాడు. "ఉడుమా వద్దు, చెయ్యి విడిస్తే చాలని పెద్దలు ఊకె అనలే. తీస్కపో నాయినా."

"ఉడుమును పెట్టుకుంటె తప్పు మామా. గిది తప్పు కాదు. సర్కారుల రాయించిన. కాయిదం నీ ఫోన్లకు పంపుత."

తిరుగు రైలుకు వేళవుతోందని ఉమేష్ చెప్పాల్సినవన్నీ గడగడా చెప్పేశాడు. మునగాకు, మందారాకు, మల్బరీ ఆకు, గుమ్మడికాయ తురుము. వాటిమీద డబ్బాలోని తెల్లపొడి చిటికెడు. పొద్దున కాసేపు ఎండ. ఎండ లేని పూట ఈ ప్రత్యేకమైన లైటు. రాజమణి చెవికి ఎక్కింది ఒక్కటే: ఆకులు తింటుంది.

మేత ఎవరు పెట్టాలన్నది తేలడానికి ఎంతోసేపు పట్టలేదు. కంచికి పోయి బంగారు బల్లిని తాకి వచ్చిన మనిషి ఆ ఇంట్లో రాజమణి ఒక్కతే. బల్లి దోషం అంటనిది ఆమెకే కనుక పెట్టవలసిందీ ఆమే. మొదట్లో పచ్చయ్యను ఉంచిన మీది గది తలుపు సందులోంచి పొడుగు గరిటెతో ఆకులు నేలమీద పోసి, తలుపేసి, తలమీద నీళ్లు పోసుకునేది. పూటకో స్నానం. కొన్నాళ్లకు అది స్టీలు పళ్లెం చప్పుడు విని కిటికీ చువ్వల మీంచి దిగివచ్చి, ఒక కన్ను పక్కకు తిప్పి ఆమెను చూస్తూ కూర్చోవడం మొదలెట్టింది. ఆ చూపులో ఆశ ఉందనిపించింది రాజమణికి. ఆశగా చూసే ప్రాణికి గరిటెతో పెట్టడం ఏం మర్యాద? చేత్తో పెట్టింది. పచ్చయ్యా అని పిలిచింది. స్నానం మానలేదు గాని, మేతకు ముందు ఉండే వణుకు పోయింది.

అక్కడినుంచి ఆమె ప్రేమ తన దారిన తాను నడిచింది. మునగాకు మొరటు, పిల్లలకే గొంతు దిగదు; పాలకూర మెత్తన, బలం. అందుకని రోజూ పాలకూర. ఆ ఇంట్లో ఏదైనా దేవుడికి చూపించాకే నోట్లోకి పోతుంది, కనుక నైవేద్యం పెట్టిన దద్దోజనంలో ఒక ముద్ద, అరటిపండు, శనగలు. శనివారం ఇంటిల్లిపాదీ ఒంటిపూటే, పచ్చయ్యకూ ఒంటిపూటే. తెల్లపొడి డబ్బాను మాత్రం మొదటి వారమే పారేసింది. దానిమీద ఒక ఎముక బొమ్మ ఉంది. బొక్క బొమ్మ వేశారంటే లోపల ఉన్నది బొక్కల పొడే కదా! నిష్ఠగల జీవిని ఎందుకు చెడగొట్టాలి? లైటు కాలిపోయినప్పుడు సత్యం దుకాణంలోంచి ఎల్‌ఈడీ బల్బు తెచ్చి పెట్టాడు. "వెలుతురంటె వెలుతురే. గిది కరెంటు కూడ తక్కువ గుంజుతది" అన్నాడు. ఇద్దరూ తృప్తిపడ్డారు.

వానాకాలంలో ఒకనాడు పేపరు చదువుతూ సత్యం గొంతు తగ్గించాడు. భూపాలపల్లి దిక్కున అడవిలో ఉడుములను పట్టి అమ్ముతున్నవాళ్లను అధికారులు పట్టుకున్నారట, జైలుకు పంపారట. ఫొటోలో గోనెసంచి మూతిలోంచి ఒక తల కనిపిస్తోంది.

"మనది గది కాదు కదా" అంది రాజమణి.

"నీకు తెలుసు, నాకు తెలుసు. బజారుకు తెలుసా? ఎవడో ఒకడు ఫోన్ల ఫొటో తీసి పెడితె, మనం కాయిదం చూపెట్టేటాళ్లకు దుకాణం పేరు ఊరంత పాకుతది."

ఆ సాయంత్రమే పచ్చయ్యను గోదాంకు దించారు. బస్తాల వెనక చెక్కపెట్టెతో గూడు కట్టారు. ఉన్న ఒక్క కిటికీకి గోనెపట్టాలు కుక్కారు. రాజమణి పాత భయం పోయి, దాని స్థానంలో అంతకన్నా పెద్దది వచ్చి కూర్చుంది. గోదాంలో గోళ్లు చెక్కను గీరితే ఆ చప్పుడు వీధిదాకా వినిపిస్తుందనిపించేది. గిరాకీ ఎక్కువున్న వేళ మేత పెట్టేది కాదు.

ఒక మధ్యాహ్నం ఖాకీ బట్టల మనిషి నేరుగా గల్లాపెట్టె దగ్గరికి వచ్చి, "సేటు, లోపట ఏమున్నది?" అన్నాడు. సత్యం లెక్కపెడుతున్న నోట్లను మళ్లీ గల్లాలో పడేశాడు. మెట్లమీద నిలబడ్డ రాజమణి రెండు మెట్లు వెనక్కి ఎక్కింది. గోదాంలోంచి సరిగ్గా అప్పుడే తోక నేలకు కొట్టుకున్న చప్పుడు.

"ఏమున్నది... ఏముంటది... బస్తాలున్నయి."

"గదే అడుగుతున్న. కొత్త బెల్లం లోపట ఉన్నదా? మా డిపోల అందరికీ కావాలె, సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నం."

బస్సు డ్రైవరు. సత్యం ఆ రోజు బెల్లం తూకం వేయకుండానే గంపెడు కట్టించాడు.

కూరగాయల సోమ్లీ అయితే ఇంకో రకం గండం. బయ్యారం దగ్గరి తండా నుంచి ఆకుకూరల గంపతో వచ్చే ఆమెకు నోరు ఊరుకోదు. "రోజుకు గిన్ని కట్టలేంది సావుకారమ్మా? ఇద్దరు ముసలోళ్లు, పది మంది తిండి! ఇంట్ల మేకను గిట్ల కట్టేసినవా?"

"మా ఆయనకు షుగరు. ఆకులే తినుమన్నరు."

"గట్లనా? మరి మనిషి ఉబ్బుతుండు, ఆకులు ఏడికి పోతున్నయ్?" అని నవ్వుతూ సోమ్లీ మెడ సాచి లోపలికి చూసేది. రాజమణి తలుపుకు అడ్డంగా నిలబడేది. రాత్రి ఆ మాటలే నెమరు వేసుకుని, ఆమెకు తెలిసిపోయిందేమో అని సత్యాన్ని లేపేది.

కార్తీకం వచ్చింది. ఒక పొద్దున పళ్లెం చప్పుడు చేసినా పచ్చయ్య లేవలేదు. ఒళ్లు బూడిద రంగుకు తిరిగింది. దగ్గరకు వెళ్లి చూస్తే ముంగాళ్ల వేళ్లు వాటంతటవే సన్నగా వణుకుతున్నాయి, తీగమీద పిట్ట వాలి లేచినాక తీగ వణికినట్టు. కింది దవడ రెండుపక్కలా ఉబ్బింది. అరటిపండు ముక్క నోటికి పెడితే కొరకలేక జార్చింది. లేవబోయి, పొట్ట నేలకు ఆనించి, కాళ్లు పక్కలకు పరుచుకుని ఉండిపోయింది.

దానిముందు నేలమీద కూర్చుండిపోయింది రాజమణి. ఇది చచ్చిపోతుందన్న మాట మొదటిసారి ఆమె మనసులోకి వచ్చింది. వచ్చి కదలలేదు.

"దవాఖానకు తీస్కపోదాం" అంది భర్తతో.

"బజారు నడుమ నుంచా? పిచ్చిలేసిందా?"

ఆ రోజు ఆమె ఒక్కతే పశువుల దవాఖానకు పోయింది. అక్కడ మాధవీలత అని చిన్న వయసు డాక్టరు, కాటారం ఊరి పిల్ల. ముందున్న రెండు బర్లను చూసి పంపి, ఈమెను పిలిచింది.

"మా మేకకు బాగలేదు డాక్టరమ్మా."

"ఏమైతున్నది?"

"వేళ్లు వణుకుతున్నయి."

"మేకకు వేళ్లా?"

"గిట్టలు... గిట్టలే. కింది దవడ వాచింది. మెత్తగైంది."

"ఏం మేపుతున్నరు?"

"పాలకూర. పెరుగన్నం. అరటిపండు."

డాక్టరు కలం ఆగింది. "మేకకు పెరుగన్నమా?"

"మంచిగ తింటుండె. ఇదివరకు కిటికీ చువ్వలెక్కి కూసునేది. ఇప్పుడు ఎక్కుతలేదు."

మాధవీలత కలం కింద పెట్టి కుర్చీ ముందుకు జరుపుకుంది. "అమ్మా, మేక కిటికీ ఎక్కదు. అసలు జంతువు ఏందో చెప్పు. నేను పోలీసును కాను."

రాజమణి చీర కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత అన్నీ చెప్పింది, గంప నుంచి గోనెపట్టాల దాకా. డాక్టరు మధ్యలో ఆపలేదు. "నాకు బర్లు, గొర్లు తెలుసు. ఇసొంటి వాటిని నేను చూడలే. నాతోని చదువుకున్నామె హైదరాబాద్‌ల చూస్తది. ఆమెను అడిగి పొద్దుగూకినంక మీ ఇంటికే వస్త" అంది.

అన్నట్టే వచ్చింది. గోదాంలో టార్చి వెలుతురులో పచ్చయ్య దవడను వేలికొసతో అతి మెల్లగా నొక్కింది. దవడ లోపలికి పోయి, తిరిగి వచ్చింది, రబ్బరు లాగా. సత్యం ముఖం తిప్పుకున్నాడు.

"బొక్కలు మెత్తబడ్డయి" అంది మాధవీలత. "ఒంట్ల క్యాల్షియం లేదు. లేకుంటె ఒళ్లు బొక్కల నుంచే గుంజుకుంటది. పాలకూర రోజూ పెట్టిండ్రు కదా, అందులున్న గుణం మేతలున్న క్యాల్షియాన్ని కూడ పట్టుకొని బయటికి తోస్తది. పెరుగు, అన్నం, పప్పు దీని కడుపుకు పడయి."

"ఒక పొడి డబ్బా ఇచ్చిండమ్మా మా మేనల్లుడు. దానిమీద బొక్క బొమ్మ ఉంటె పారేసిన. బొక్కల పొడి అనుకున్న."

డాక్టరుకు నవ్వొచ్చి, ఆమె ముఖం చూసి ఆగిపోయింది. "గది రాయి నుంచి తీస్తరమ్మా. బొక్కలకు బలమని బొమ్మ వేసిండ్రు."

"అయితె నేనే చంపుకుంటున్ననా?"

"ఇంకా బతికే ఉన్నది కదా. మునగాకు, మందారాకు పెట్టు. గుమ్మడి తురిమి కలుపు. పండు ఎన్నడో ఒకసారి. ఈ మందు చుక్కలు నేను చెప్పినట్టు వెయ్యి. కాని ఎన్ని పెట్టినా ఎండ తగలకుంటె తిన్నది బొక్కకు చేరదు. ఎండ లేకనే ఇంత దూరం వచ్చింది. అద్దంల నుంచి వచ్చే ఎండ పనికిరాదు, ఈ బల్బూ పనికిరాదు. నేరుగ ఒంటికి తగలాలె."

సత్యం గొంతు సవరించుకున్నాడు. "ఎండ అంటె డాబా మీదికే. డాబా అంటె బజారంత చూస్తది. జర చీకటి పడ్డంక తీస్కపోతె..."

"చీకట్ల ఎండ యాడ దొరుకుతదయ్యా?" అంది రాజమణి. ముప్పై ఏళ్ల కాపురంలో భర్త మాటకు ఆమె ఇట్లా అడ్డుపడటం అరుదు. ఆ సంగతి ఆమెకే తర్వాత తెలిసింది.

"కాయిదం ఉన్నదంటున్నరు కదా, భయమెందుకు?" అంది డాక్టరు. "ఎత్తేటప్పుడు మాత్రం పైలం. పొట్ట కింద, తోక కింద చేతులు పెట్టి ఎత్తు. గట్టిగ పట్టుకుంటె బొక్క విరుగుతది. బతుకుతదా అంటె నేను ఇప్పుడు చెప్పలేను."

మర్నాడు పొద్దున రాజమణి స్నానం చేసి, దీపం పెట్టి, గోదాంలోకి దిగింది. సత్యం అప్పుడే షట్టరు ఎత్తాడు. ఆమెను చూసి, మెట్ల దారికి అడ్డంగా ఉన్న బస్తాను పక్కకు జరిపాడు.

పచ్చయ్య కింద చేతులు పెట్టింది. ఒళ్లు చల్లగా ఉంది, బరువు ఆమె అనుకున్నదానికన్నా తక్కువ. పక్కటెముకలు అరచేతికి దొరికాయి, తడిసిన చీపురుపుల్లల్లా. అది గోళ్లతో ఆమె జాకెట్టు భుజాన్ని పట్టుకుంది. ఎన్నేళ్లుగానో గోడమీద బల్లిని చూసి వణికిన మనిషి చెవిపక్కన దాని ముక్కు ఉంది, ఊపిరి తగులుతోంది. ఆమె భయం ఇప్పుడు దానిమీద లేదు. తన చేతులమీద ఉంది. మెట్టు జారితే? వేలు గట్టిగా పడితే? ఒక్కో మెట్టుకూ రెండు కాళ్లూ ఆనించి, గోడకు భుజం రాస్తూ ఎక్కింది. సగంలో ఏదో టక్కుమంది. తన మోకాలే. ఆగి, ఊపిరి పీల్చి, మళ్లీ ఎక్కింది.

డాబా తలుపు తోస్తే కార్తీకపు ఎండ ముఖానికి కొట్టింది. పాత దుప్పటి మడత మీద పచ్చయ్యను దించింది. అది కదల్లేదు. కళ్లు మూసుకునే ఉంది.

పక్క డాబా మీద సరోజ వడియాలు పెడుతోంది. తలెత్తి చూసి చేతిలో గిన్నె వదిలేసింది.

"ఓ రాజమణి వదినా! ఉడుము! ఉడుమొచ్చింది నీ డాబా మీదికి! ఉరుకు!"

ఆ కేకకు కింద వీధి ఆగింది. హమాలీలు బస్తాలు దించడం ఆపి మెడలెత్తారు. ఎదురు దుకాణం మెట్టెక్కి ఒకరు, ఆటో మీదికి ఎక్కి ఒకరు. "పెద్దదిరో!" "నడుం నొప్పికి దాని కూరంత మంచిది లేదు." "కూర సంగతి తర్వాత, ఫారెస్టోళ్లకు ఫోన్ చెయ్యాలె." నాలుగు ఫోన్లు డాబా వైపు లేచాయి. ఆకుకూరల గంప దించి సోమ్లీ నడుంమీద చేతులు పెట్టుకుంది. "గిదా మీ ఆయన షుగరు!"

రాజమణి కాళ్లు ఆమెను వెనక్కి లాగాయి. దుప్పటితో సహా ఎత్తుకుని లోపలికి పోతే నిమిషంలో అంతా సద్దుమణుగుతుంది. వంగింది కూడా. వంగినప్పుడు పచ్చయ్య ముంగాలి వేళ్లు కనబడ్డాయి. ఇంకా వణుకుతున్నాయి. చేతులు వెనక్కి తీసుకుంది.

కింద మెట్ల దగ్గర గలభా వినిపించింది. ఎవరో పైకి రాబోతున్నారు. ఆ వెంటనే సత్యం గొంతు, ఎప్పుడూ తూకాల లెక్క తప్ప మరేదీ పలకని గొంతు, బొంగురుగా లేచింది. "పైకి ఎవ్వలు పోవద్దు! పేషెంటున్నది పైన! ఫోన్ చేస్తరా, చేసుకోండ్రి. కాయిదం నా దగ్గరున్నది. వచ్చినోళ్లకు నేనే చూపెడత!"

"సేటు, నీ కాళ్లెందుకు వణుకుతున్నయ్?" అన్నాడు ఎవడో, నవ్వుతూ.

"వణుకుతయి. వణికితె ఏంది? నువ్వు దిగు."

పైన రాజమణి, పిట్టగోడ దగ్గరికి వచ్చి నిలబడ్డ సరోజకు వినిపించేంత మాత్రమే అంది: "ఉడుము కాదు సరోజా. ఇగువానా. మా ఇంట్లదే. నేనే సాకుతున్న."

"ఇన్ని రోజుల సంది ఇంట్లనే ఉన్నదా? నాకొక్క మాట చెప్పకపోతివి!"

"భయమైంది."

సరోజ పిట్టగోడ మీంచి వంగి చూసింది. "కరుస్తదా?" అంది.

"కొరుకుటానికి దవడనే లేదు. మెత్తబడ్డది. తప్పుడు తిండి పెట్టి నేనే గిట్ల చేసిన."

ఎండ ఎక్కుతోంది. పచ్చయ్య వీపుమీద బూడిద రంగు కింద నుంచి ఒక ముదురు ఛాయ పైకి వచ్చింది. అది మంచికో చెడుకో రాజమణికి తెలియదు. డాక్టరుకు ఫోను చేద్దామనుకుంది, ఫోను కిందనే మరిచి వచ్చింది. అంతలో ఒక కన్ను తెరుచుకుంది. ముంగాళ్లు నేలకు ఆనించి తల ఎత్తబోయింది. జారింది. గడ్డం దుప్పటికి తగిలినప్పుడు సరోజ కూడా "అయ్యో" అంది. మళ్లీ ఎత్తలేదు. రాజమణి మందారాకును గోళ్లతో సన్నగా చించి, మందు చుక్క రాసి, దాని నోటి ముందు పట్టుకుంది. పట్టుకుని చాలాసేపు ఉంది. మోచేయి లాగింది. కింద ఒక జీపు ఆగిన చప్పుడయితే తల తిప్పి చూడలేదు. ఎవరిదో ఏమిటో సత్యం చూసుకుంటాడు.

గులాబీ రంగు నాలుక బయటికి వచ్చి ఆకును తాకింది. లోపలికి తీసుకుంది. గంగడోలు ఒకసారి కదిలింది.

"తిన్నదా?" సరోజ గుసగుసగా అడిగింది.

"ఒక్కటి తిన్నది."

"మా పెరట్ల మునగ చెట్టున్నది వదినా. కొమ్మ కొట్టుకురానా?"

"లేత ఆకు తే. మల్బరీ ఉన్నదేమో సోమ్లీని అడుగు." ఈ ఒక్క ఆకు సంగతి ఈ పూటది. రేపు, ఎల్లుండి, ఆ తర్వాత ఏమవుతుందో డాక్టరే చెప్పలేనంది. ఇంకో ఆకు చించుతూ, తన నీడ పచ్చయ్య నడుం మీద పడుతోందని చూసుకుంది. దుప్పటిని కదపకుండా, మెల్లగా, పక్కకు జరిగి కూర్చుంది.